కుకుర్బిట్[7]యూరిల్ పొడి: పట్టు గట్టిది, లేబుల్ లెక్కను మాత్రం నమ్మలేం

ప్రయోగశాలల్లో సీబీ7 అని పిలుచుకునే కుకుర్బిట్[7]యూరిల్ ఇప్పుడు రసాయనాలు అమ్మే కంపెనీల జాబితాల్లో తెల్లటి పొడి రూపంలో దొరుకుతోంది. నీటిలో ఆతిథేయ–అతిథి బంధాలను (ఒక అణువు తన కుహరంలో మరో చిన్న అణువును పట్టుకునే తీరును) అధ్యయనం చేసేవారికి, ముఖ్యంగా ధనావేశం ఉన్న అతిథులతో పనిచేసేవారికి, నేను వాడిన అణుపాత్రల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. అయితే పొడిని తూచి, లేబుల్ మీది అణుభారంతో భాగించి, అదే గాఢత అనుకుంటే తరువాతి లెక్కలన్నీ పక్కదారి పడతాయి.

గ్లైకోలూరిల్ అనే చిన్న అణువు ముక్కలు ఏడింటిని పద్నాలుగు మిథిలీన్ వంతెనలతో కలిపి కట్టిన పీపా లాంటి వలయం ఇది. లోపలి కుహరం వ్యాసం సుమారు 7.3 ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండు చివరల ద్వారాలు సుమారు 5.4. ఒక్కో ద్వారం చుట్టూ ఏడేసి కార్బొనిల్ ఆక్సిజన్లు ఉంటాయి కనుక, నీటిని ఇష్టపడని శరీరమూ, ధనావేశం గల చివరా ఉన్న అణువు లోపలికి చేరితే రెండు విధాలా స్థిరపడుతుంది. కుహరంలో ఇరుక్కున్న నీటి అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలను పూర్తిగా ఏర్పరచుకోలేవు. అతిథి వచ్చి వాటిని బయటకు పంపినప్పుడు కలిసివచ్చే శక్తి కూడా ఈ పట్టుకు ఒక ముఖ్య కారణం. ఈ కుటుంబానికి మూలమైన చర్యను 1905లోనే బెరెండ్ బృందం ప్రకటించినా, ఆరు ముక్కల వలయం నిర్మాణం 1981లో గాని బయటపడలేదు. ఏడు ముక్కలది 2000లో కిమూన్ కిమ్ బృందం విడదీసిన తరువాతే అందుబాటులోకి వచ్చింది. ఆరు ముక్కలది శుద్ధమైన నీటిలో దాదాపు కరగదు. సీబీ7 మాత్రం 20–30 మిల్లీమోలార్ వరకు కరుగుతుంది, దీన్ని ఎంచుకోవడానికి ఆ ఒక్క గుణమే చాలు.

కొత్త సీసా రాగానే నేను ముందుగా బెర్బెరిన్ అనే పసుపు రంగు పదార్థంతో చూస్తాను. నీటిలో పలుచటి బెర్బెరిన్ ద్రావణం అతినీలలోహిత దీపం కింద మసకగా ఉంటుంది. సీబీ7 కలిపిన వెంటనే ప్రకాశం కొన్ని వందల రెట్లు పెరిగి, క్యువెట్ అంతా ఆకుపచ్చ కలిసిన పసుపుతో వెలుగుతుంది. అందులో చాలినంత అడమాంటైల్‌అమీన్ (అడమాంటేన్ అనే హైడ్రోకార్బన్‌కు అమీన్ సమూహం చేరిన అణువు) కలిపితే ఆ వెలుగు ఆరిపోతుంది, ఎందుకంటే మరింత బలమైన అతిథి వచ్చి బెర్బెరిన్‌ను బయటకు నెట్టేస్తుంది. ఇదే అమీన్‌తో ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సంకేతాలను చదివే పద్ధతి) తీస్తే, కుహరంలోకి చేరిన ప్రోటాన్ల సంకేతాలు తక్కువ పీపీఎం (సంకేతం స్థానాన్ని చెప్పే కొలత) వైపు జరుగుతాయి. అతిథిని ఎక్కువగా వేసినప్పుడు లోపలున్నదాని సంకేతాలు, బయట మిగిలినదాని సంకేతాలు కలిసిపోకుండా వేర్వేరుగా కనిపిస్తాయి. రాకపోకలు ఎన్ఎంఆర్ కాలమానంలో నెమ్మదిగా జరుగుతున్నాయని ఇంత స్పష్టంగా చూపించే నమూనాలు తక్కువ. కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన విద్యార్థికి నేను మొదట చేయించేది ఈ ప్రయోగమే.

ఇక పట్టు విషయం. అడమాంటైల్‌అమీన్‌తో బంధన స్థిరాంకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే సంఖ్య), మోలార్ విలోమ ప్రమాణంలో, 10¹² స్థాయిలో ఉంటుంది. చక్కెర ముక్కలతో ఏర్పడిన వలయమైన బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ అడమాంటేన్ అతిథులను సాధారణంగా 10⁴–10⁵ స్థాయిలో మాత్రమే పట్టుకుంటుంది. డయామాంటేన్ అనే హైడ్రోకార్బన్ నుంచి తయారైన ద్విధనావేశ అతిథికి 2014లో 7.2 × 10¹⁷ అని నమోదైంది. గట్టి పట్టుకు ప్రకృతిలో పేరొందిన బయోటిన్–అవిడిన్ (విటమిన్–ప్రోటీన్) జంటకు చెప్పే 10¹⁵ను ఒక చిన్న కృత్రిమ వలయం దాటిందన్నమాట. ఇంత పెద్ద విలువను నేరుగా కొలవడం కుదరదు కనుక, తెలిసిన అతిథులతో మెట్టు మెట్టుగా పోటీ పెట్టి లెక్కించాలి.

నా అసంతృప్తి సీసాతోనే. అమ్మిన కంపెనీ లేబుల్ మీద నిర్జల రూపం అణుభారం, 1163, మాత్రమే వేసింది. నీరు ఎంత ఉందో, తయారీలో మిగిలిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎంత ఉందో ధ్రువపత్రంలో లేదు. సీబీ7 గట్టిగా పట్టుకునే అతిథి అయిన కోబాల్టోసీనియం లవణంతో, 261 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణను చూస్తూ టైట్రేషన్ (కొద్దికొద్దిగా కలుపుతూ కొలవడం) చేస్తే, అసలు సీబీ7 తూకంలో కనిపించినదానికంటే దాదాపు ఐదో వంతు తక్కువగా తేలింది. ఆ తేడాను పట్టించుకోకపోతే 1:1 జంట కూడా మరేదో నిష్పత్తిలా కనిపిస్తుంది. హైడ్రేట్‌ను (నీటితో కూడిన రూపాన్ని) హైడ్రేట్‌గా అమ్మడంలో తప్పు లేదు గానీ, ఆ మాట చెప్పకపోవడం సరికాదు. ప్రతి లాట్‌కూ ఈ టైట్రేషన్ తప్పనిసరి. ద్రావణం పీహెచ్‌ను కూడా అప్పుడే చూసుకోవాలి.

పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ ద్రావణం ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. సోడియం అయాన్లు ద్వారాల దగ్గర చేరి అతిథితో పోటీ పడతాయి కాబట్టి, లవణం ఎక్కువగా ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో కొలిచిన విలువ శుద్ధమైన నీటిలోని విలువకంటే బాగా తగ్గుతుంది. బఫర్ పేరు, గాఢత లేకుండా కంపెనీ కరపత్రంలో అచ్చేసిన స్థిరాంకాలతో పోలిక పెట్టుకోవద్దు.

సాధారణ సేంద్రియ ద్రావణుల్లో పనిచేసేవారికి ఇది పనికిరాదు, వాటిలో కరగదు. పట్టుకున్న అతిథిని తేలిగ్గా విడిచిపెట్టాలనుకునేవారికి బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ ఉత్పన్నాలే మేలు. పోటీ పద్ధతిలో సెన్సర్లు రూపొందించేవారు, ప్రోటీన్లను ఉపరితలాలకు గట్టిగా అతికించాలనుకునేవారు మాత్రం సందేహం లేకుండా సీబీ7 తీసుకోవచ్చు. ఆర్డరు పెట్టేముందు ఆ లాట్‌లో నీటి శాతం ఎంతో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.