బుల్లెట్ ట్యాంకుకి ముందు కవరు, తర్వాత ఫిల్ము: ఐదేళ్ల అనుభవం

నల్ల ట్యాంకు షోరూములో చూస్తే ముద్దొస్తుంది. దాని కష్టం రోజూ తుడిచేవాడికే తెలుస్తుంది. నా బుల్లెట్ 350కి ఇప్పుడు ఐదేళ్లు. రోజూ గుంటూరు నుంచి బెజవాడ వెళ్లి రావాలి. ఎండా, దుమ్మూ, లారీల పొగా అన్నీ దాని మీదే. పైగా ఆ బంగారు రంగు గీతలు చేత్తో గీసినవి. అవి పోతే మళ్లీ అలా గీసేవాళ్లు ఎక్కడ దొరుకుతారని మొదటి వారంలోనే రెక్సిన్ కవరు తొడిగించాను.

పెయింటుకి ఎక్కువ చెరుపు చేసింది ఆ కవరే. ఏడాది తర్వాత సర్వీసింగ్‌లో మెకానిక్ దాన్ని ఊడదీసి "సార్, ఒకసారి ఇటు రండి" అన్నాడు. లోపల పిండిలాంటి సన్న దుమ్ము పేరుకుని ఉంది. బండి అదురుకి ఆ దుమ్ము ఏడాదంతా గరుకు కాగితంలా పెయింటుని రుద్దుతూనే ఉంది. మోకాళ్లు ఆనే చోట మెరుపు పోయి మసకబారింది. వానకి తడిసిన కవరు లోపల ఆరక, కింది అంచున రెండు పొక్కులు కూడా లేచాయి. అయస్కాంతం ఉన్న ట్యాంకు బ్యాగుదీ ఇదే కథ: ఇనుప రజను వెతికి మరీ పట్టుకొచ్చి పెయింటుకి రుద్దుతుంది.

పాలిష్ చేయించి పారదర్శక ఫిల్ము వేయించాను. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పొట్టిగా పీపీఎఫ్ అంటారు. ఇందులో రెండు రకాలు దొరుకుతాయి. పీవీసీది చవక, కానీ ఎండకి తొందరగా పసుపెక్కి బిరుసెక్కుతుంది. టీపీయూ అనే పాలీయురేథేన్ రకం సాగుతుంది, సన్న గీతలు పడితే వేడికి తనే సర్దుకుంటుంది. నాది రెండోదే, మందం 200 మైక్రాన్లు. సిరామిక్ కోటింగ్ కూడా చేయించమన్నారు, వద్దన్నాను. అది నీళ్లు నిలవకుండా చూస్తుందేమో గానీ, అంత పలుచని పొర జాకెట్ జిప్పుని ఆపలేదు.

మొదటిసారి వేసినాయన గుండ్రటి ట్యాంకు మొత్తానికి ఒకే షీటు లాగి అతికించాడు. రెండు నెలలకే అంచులు లేచి, జిగురుకి మట్టి పట్టి చుట్టూ నల్ల గీత కట్టింది. మళ్లీ డబ్బులు పెట్టుకుని వేరేచోట మూడు ముక్కలుగా వేయించాను: రెండు మోకాళ్ల దగ్గర, ఒకటి వెనక బెల్టు బిళ్ల తగిలే చోట. ఫిల్ము అంచు బంగారు గీత మీద పడకుండా దగ్గరుండి కోయించాను. తీసేటప్పుడు గీత కూడా లేచొస్తుందేమోనని నాకదో టెన్షన్. నన్నడిగితే ట్యాంకు మొత్తానికి ఫిల్ము దండగ. గీతలు పడేది ఆ మూడు చోట్లే.

బెల్టు బిళ్ల సన్న గీతలు మధ్యాహ్నం ఎండలో పెడితే నిజంగానే మాయమవుతాయి. ఒకసారి తాళం చెవి గీసుకుపోయిన గాటు మాత్రం పోలేదు. మొన్న ఎడమ ముక్క మార్చినప్పుడు చూశాను, ఆ గాటు ఫిల్ములోనే ఆగింది, కింద పెయింటు చెక్కుచెదరలేదు. పెట్టిన డబ్బు అక్కడే గిట్టుబాటైంది. ఆ ముక్క నేనే తీశాను: హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పైకి కాకుండా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోయింది.

మూత చుట్టూ కూడా ఒక ముక్క వేయించి చూశాను గానీ పనికి రాలేదు. బంకులో చిందిన పెట్రోలు అంచు కిందికి దిగి జిగురుని మెత్తబరిచింది, ఫిల్ము ముడతలు పడింది. దాన్ని పీకేశాను. ఇప్పుడు సీటు కింద పాత లుంగీ గుడ్డ ఒకటి ఉంటుంది. మూత తీయగానే దాన్ని చుట్టూ పరుస్తాను. నాజిల్ టక్కున ఆగాక "రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్" అని బంకు కుర్రాడు అడిగితే వద్దంటాను.