మూలనపడ్డ కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350: ప్రాజెక్టుగా కొనొచ్చా?

వసారాలోనో, చావిడి పక్కనో పదేళ్ళుగా స్టాండు మీదే ఉండిపోయిన బుల్లెట్ కనబడితే చాలామంది ముందు కిక్ కొట్టి చూస్తారు. కిక్కర్ కదిలితే మంచి బండి, కదలకపోతే తుక్కు అని తేల్చేస్తారు. ఈ బండి విషయంలో అది తలకిందుల లెక్క. పట్టేసిన ఇంజిన్‌ని లేత్ పనితో మళ్ళీ నిలబెట్టొచ్చు. తుడిచేసిన చాసిస్ నంబర్ని మాత్రం ఏ మెకానిక్కూ తిరిగి తీసుకురాలేడు. సగం విప్పి నాలుగు గోనెసంచుల్లో పోసిన బండిలో ఏం పోయాయో బిగించేదాకా తెలియదు. అందుకే మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. నిండుగా ఉండి, కాగితాలున్న బండి అయితే ఇంజిన్ జామ్ అయినా కొనండి. రెండింట్లో ఏది తక్కువైనా, అది స్టార్ట్ అయి దుడుదుడుమంటున్నా వదిలేయండి.

ఇక్కడ మాట్లాడుతున్నది 1955లో మద్రాసులో తయారీ మొదలై, 2010 ప్రాంతంలో యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే ముద్దగా ఉండే) ఇంజిన్‌కి చోటిచ్చి తప్పుకున్న పాత 350 గురించి. 346 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., 18 హార్స్‌పవర్. సిలిండర్ పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. గేర్‌బాక్సు ఇంజిన్‌తో కలిసి ఉండదు, విడిగా బిగించి ఉంటుంది. నాలుగు గేర్ల బండిలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. థండర్‌బర్డ్, మాకిస్మోల్లో వచ్చిన అల్యూమినియం ఏవీఎల్ ఇంజిన్ వేరే జాతి. దాని పిస్టన్, హెడ్డు దీనికి సరిపోవు. కలిపి బేరమాడకండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు సంచిలో ఇవి ఉండాలి: కిరోసిన్‌లో తడిపిన గుడ్డ, తీగ బ్రష్షు, టార్చి, తెల్లకాగితం, మెత్తటి పెన్సిలు, చిన్న అయస్కాంతం, ప్లగ్ స్పానరు.

మొదటి పని నంబర్లు. చాసిస్ నంబరు స్టీరింగ్ మెడ దగ్గర ఫ్రేము మీదే కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు మీద, సిలిండర్ కూర్చునే చోటుకి కాస్త కిందగా ఉంటుంది. మట్టి, పెయింటు పొర తీసి, కాగితం అదిమిపెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దండి. ఆర్‌టీఓ ఆఫీసులో అడిగే పెన్సిల్ ప్రింట్ ఇదే. కంటికి కనబడని తేడాలు కాగితం మీద తేలతాయి. అంకెలు ఒకే ఎత్తులో, ఒకే లోతులో ఉన్నాయా? ఒక అంకె మిగతావాటికంటే సన్నగా ఉందా? చుట్టూ గ్రైండర్ గీతలున్నాయా? ఇంజిన్ నంబరు చుట్టూ లోహం మిగతా కేసుకంటే నున్నగా ఉంటే ఎవరో అరగదీసినట్టే. ఆ ప్రింటుని ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకే చదవండి. సున్నా, ఎనిమిది, ఒకటి, ఏడు తారుమారై ఎక్కిన ఆర్‌సీలు ఉంటాయి. అలాంటి తప్పుని అమ్మేవారి పేరు మీద ఉండగానే సరిచేయించాలి.

కాగితాల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి ముగుస్తుంది, ఆపైన ఫారం 25తో ఐదేసి ఏళ్ళకి రెన్యూవల్. మూలనపడ్డ బళ్ళలో ఎక్కువశాతం ఇది దాటేసినవే. రెన్యూవల్‌కి బండి తనిఖీలో నిలబడాలి. అంటే లైట్లు, హారను, బ్రేకులు, నంబరు ప్లేటు అన్నీ పనిచేయాలి. గడువు దాటిన కాలానికి పడే రుసుము, గ్రీన్ ట్యాక్సు ఎంతవుతాయో ముందే ఆఫీసులో అడిగి బేరంలో తగ్గించుకోండి. పేరు మార్పిడికి ఫారం 29, 30. యజమాని చనిపోయి వారసులు అమ్ముతుంటే ముందు ఫారం 31తో వారసుడి పేరుకి మారాలి. పొరుగు రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌ఓసీ. ఏనాడో తీర్చేసిన ఫైనాన్సు ఆర్‌సీ మీద అలాగే ఉండిపోతే ఫారం 35. ఆ ఫైనాన్సు కంపెనీ ఈపాటికి మూతపడి ఉంటే ఈ ఒక్క ఫారం కోసమే నెలలు తిరగాల్సి వస్తుంది.

1989కి ముందు రిజిస్టరైన బళ్ళకి మూడక్షరాలతో మొదలయ్యే పాత నంబర్లుంటాయి. ఆ నంబర్ని రిజిస్ట్రేషన్ వివరాలు చూపే ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్ పోర్టల్లో కొట్టి చూడండి. వివరాలు రాకపోతే పాత రిజిస్టరు నుంచి ఆన్‌లైన్‌కి ఎక్కలేదని అర్థం. దాన్ని ఎక్కించే పని అమ్మేవారిదే అని మాట తీసుకోండి, అది పూర్తయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. అయితే ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ‘మిలిటరీ వేలం బండి’ అని చెబితే వేలంలో ఇచ్చిన పత్రం చేతికి వచ్చేదాకా ఆ మాటకి విలువ లేదు.

కాగితాలు సరిపోతే అప్పుడు బండి దగ్గరికి రండి. కిక్కర్ ముట్టకుండా నట్ల మూలలు చూడండి. పాత బుల్లెట్ల మీద చాలా నట్లు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ అంగుళాల కొలతలవి. మి.మీ. స్పానరుతో తిప్పితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. హెడ్డు నట్లు, ట్యాపెట్ మూత నట్టు, క్లచ్ కవరు నట్టు పదునుగా ఉంటే ఆ ఇంజిన్ తెలిసినవాళ్ళ చేతిలో పెరిగిందని నమ్మొచ్చు. ఉలి దెబ్బలు కనబడితే లోపల కూడా సుత్తి పని జరిగే ఉంటుంది.

ఫ్రేము తర్వాతి వంతు. బుల్లెట్ ఫ్రేములో ముందు గొట్టం ఇంజిన్ ప్లేట్ల దగ్గర ఆగిపోతుంది. ఇంజిన్‌ని కిందనుంచి మోసే గొట్టాల ఉయ్యాల లేదు, ఇంజినే ఫ్రేములో ఒక భాగం. అందుకే ఇంజిన్ బోల్టులు లూజుగా ఉంచి తిప్పిన బండిలో ఆ కన్నాలు కోలగా సాగుతాయి, క్రాంక్‌కేసు చెవులు పగులుతాయి. అక్కడ తీగ బ్రష్షుతో రుద్ది టార్చి ఏటవాలుగా పట్టండి. వెంట్రుకలాంటి నల్ల గీత కనబడితే పగులు. కండగా వెల్డింగు కనబడితే పాత పగులు. ఈ బండి వద్దనడానికి నంబర్ల తర్వాత ఇదే పెద్ద కారణం. తర్వాత సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని పక్కకి లాగి తోయండి. చక్రంతో పాటు స్వింగార్మ్ కూడా కదిలితే బుష్షులు పోయాయి. అది చిన్న పని. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కుమని ఆగుతోందా? కప్పులు, బాల్స్ మార్చాలి. అదీ చిన్నదే.

ఇక ఇంజిన్. ఏళ్ళ తరబడి ఆగిన ఇంజిన్ ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే భయం సగం పోతుంది. బండి ఆగినప్పుడు ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉంటే సైలెన్సర్ దారిన తేమగాలి బోరులోకి వస్తుంది. రింగులు బోరుని తాకే చోట తుప్పు గీతలా పేరుకుని పట్టేస్తుంది. రెండు వాల్వులూ మూసుకుని ఆగిన ఇంజిన్ పదేళ్ళయినా లోపల శుభ్రంగా ఉండొచ్చు. ప్లగ్గు విప్పి కన్నంలోంచి టార్చి వేయండి. గోడ బూడిదరంగులో మెరిస్తే మంచిది. గోధుమరంగు మరకలుంటే రీబోరు (బోరుని లేత్ మీద కాస్త పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేయడం) ఖాయం.

పట్టేసిన ఇంజిన్ మీద నిలబడి కిక్ కొట్టొద్దు. కిక్ పళ్ళు విరుగుతాయి, లేదా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొన్నాక ప్లగ్గు కన్నంలోంచి 50 మి.లీ. డీజిలు పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. మధ్యలో మరోసారి పోయండి. తర్వాత టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మర్నాటికి ఇంకాస్త కదులుతుంది. వారమైనా కదలకపోతే హెడ్డు దింపడమే, బలప్రయోగం వద్దు.

కిక్కర్ ఏ అడ్డూ లేకుండా కిందికి జారిపోతే కంగారుపడకండి. ఇందులో మూడు సంగతులుండొచ్చు. కిక్ పళ్ళు అరిగాయి, క్లచ్ జారుతోంది, లేదా వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. ప్లగ్గు కన్నంలో సన్నటి పుల్ల నిలువుగా వదిలి కిక్కర్‌ని చేత్తో నొక్కండి. పుల్ల పైకీ కిందికీ ఆడుతుంటే పిస్టన్ కదులుతోంది, లోపం వాల్వుల దగ్గరే. పుల్ల కదలకపోతే క్లచ్ లేదా కిక్ పళ్ళు. వాల్వు అనుమానం ఉంటే సిలిండర్ కుడిపక్క కింద ఉన్న చిన్న ట్యాపెట్ మూత తీయండి, రెండు పుష్‌రాడ్ల అడుగు భాగం కనబడుతుంది. పిస్టన్ కంప్రెషన్ పైకొసకి వచ్చినప్పుడు, చల్లటి ఇంజిన్ మీద, ఆ రాడ్లు వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆట ఉండకూడదు. ఒక రాడ్డు వదులుగా ఊగిపోతుంటే వాల్వు గైడులో ఇరుక్కుంది.

ఆయిల్ లెవెల్ చూసి మోసపోయేవాళ్ళు ఎక్కువ. బుల్లెట్‌లో ఆయిల్ టాంకు క్రాంక్‌కేసులోనే వెనక అర. బండి ఏళ్ళు నిలబడితే ఆయిల్ పంపు దాటి ఫ్లైవీళ్ళు తిరిగే అరలోకి మెల్లగా దిగిపోతుంది. అందుకే కడ్డీ మీద ఆయిల్ కనబడదు. కారిపోయిందనుకుని పైనుంచి కొత్తది పోస్తే లోపల నిండిపోయి, స్టార్ట్ చేయగానే బ్రీదర్ గొట్టంలోంచి కక్కుతుంది, సైలెన్సర్ తెల్లగా పొగలేస్తుంది. అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పి మొత్తం దింపాకే కొత్త 20డబ్ల్యూ50 పోయాలి. దిగిన ఆయిల్‌ని తెల్లటి పళ్ళెంలోకి పట్టండి. పాలు కలిపినట్టుంటే నీళ్ళు చేరాయి. అయస్కాంతానికి అంటుకునే పొడి గేర్లది, బేరింగులది. పచ్చగా మెరిసేది బుష్షులది. వెండిలా మెరుస్తూ అయస్కాంతానికి అంటనిది అల్యూమినియం, పిస్టన్ గీసుకుపోయి ఉండాలి.

క్రాంకు బాగుందో లేదో అమ్మేవారి ఇంటిముందు తేలదు. సిలిండర్ దింపాక కనెక్టింగ్ రాడ్డుని రెండు చేతులా పట్టి నిట్టనిలువుగా లాగి చూడాలి. పక్కకి కాస్త కదలడం సహజం. పైకీ కిందికీ పిసరంత ఆట తగిలినా క్రాంకు విడగొట్టి పిన్ను, బేరింగు మార్చాలి. బోరు సంగతి పిస్టన్ తలే చెబుతుంది. మసి గీకితే 20, 40, 60 అని అచ్చు ఉంటుంది. అంగుళంలో వెయ్యోవంతుల లెక్క అది. 20 అంటే అరమిల్లీమీటరు పెద్ద బోరు. అచ్చు లేకపోతే మొదటి బోరే, ఇంకా మూడు రీబోర్ల ఆయుష్షుంది. 60 ఉంటే ఇక బోరు లోపల స్లీవు (కొత్త ఇనుప గొట్టం) వేయించాలి. అందుకని బేరమాడేటప్పుడు రీబోరూ, క్రాంకు పనీ రెండూ ఉన్నాయనే లెక్కేసుకోండి. ఏదైనా తప్పితే ఆ డబ్బు మిగిలినట్టు.

కార్బ్యురేటర్, చైను, టైర్లు, ట్యూబులు, కేబుళ్ళ గురించి ఆలోచించడం దండగ. అన్నీ ఎలాగూ మారతాయి. రబ్బరు పెట్రోలు పైపు, నీడిల్ తప్పకుండా మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దానికి తట్టుకోదు. వైరింగు అతుకులు వేయించకండి. ఎండి పెళుసుబారిన వైరు ఒకచోట అతికితే మరోచోట విరుగుతుంది. కొత్త వైరింగు సెట్టు మొత్తం వేయించడమే తేలిక.

డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చెప్పాలి. ఇంజిన్ బిల్లు చూసి అదే పెద్దదనుకుంటారు. పని అయ్యేసరికి క్రోమూ, పెయింటూ, రిమ్ములూ, సీటూ కలిపి దాన్ని దాటేస్తాయి. అందుకే బంపరు, మడ్‌గార్డులు, టూల్ బాక్సులు, హెడ్‌లైటు కూర్చునే క్యాస్కెట్ అన్నీ బండి మీద ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా రాసుకోండి. కొత్తగా దొరికే రేకులు పల్చన, కన్నాలు కలవవు. తుప్పుపట్టినా అసలు రేకే మేలు. టాంకుని మాత్రం ఖాళీ చేసి, చీకట్లో లోపల టార్చి పెట్టి బయటినుంచి చూడండి. చుక్కల్లా వెలుతురు కనబడితే కన్నాలు పడ్డాయి.

ఎవరికి నప్పదో కూడా చెప్పేద్దాం. రెండు నెలల్లో ఆఫీసుకి వేసుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది కాదు. మెకానిక్‌కి అప్పగించి మరిచిపోయేవాళ్ళకీ కాదు. నీడపట్టున నాలుగడుగుల చోటు, వారానికో పూట తీరిక, ఏడాదిపాటు విడతలుగా ఖర్చుపెట్టే ఓపిక ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి బండి దొరకదు. ప్రతి భాగం విప్పగలిగేది, కొలవగలిగేది, మళ్ళీ చేయించగలిగేది. ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య, ఇగ్నిషన్ టైమింగ్ పిస్టన్ పైకొసకి 0.8 మి.మీ. ముందు. ఈ రెండూ సరిపోయి, పెట్రోలు అందితే ఇది స్టార్ట్ కాకుండా ఉండదు.

ఇంజిన్ పని పూర్తయ్యాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గు విప్పేసి, డీకంప్రెసర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే మీట) నొక్కిపెట్టి పదిహేను ఇరవై సార్లు మెల్లగా కిక్ కొట్టండి. ప్లగ్గు బిగించి స్టార్ట్ చేశాక, రాకర్లకి వెళ్ళే ఆయిల్ పైపు బాంజో బోల్టుని (మధ్యలో కన్నమున్న బోల్టు) అరచుట్టు వదులు చేసి ఇంజిన్‌ని నిదానంగా నడవనివ్వండి. నిమిషంలోపు అక్కడ ఆయిల్ ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేసి పంపు విప్పండి. పంపుని తిప్పే వార్మ్ నట్టుది ఎడమ మర, మామూలు నట్టులా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది.