డాబాగార్డెన్స్‌ మేడమీది కంప్యూటర్ రిపేరు షాపు: 5కి 4 ఇస్తున్నాను

షాపు పేరు రాయడం లేదు. నడిపే అబ్బాయే వద్దన్నాడు. "ఉన్న పనే తెమలట్నేదు ఆంటీ, ఇంకా జనాన్ని పంపకండి" అన్నాడు. విశాఖపట్నంలో సరస్వతి పార్కు దగ్గర దిగి కంప్యూటర్ షాపుల వరసలో నడుస్తుంటే, కింద జిరాక్సు షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన వెలిసిపోయిన బోర్డు కనిపిస్తాయి. వెతికేవాళ్లకి అంత చాలు.

నేను సీతమ్మధారలో ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. కిరాణా, మందుల షాపు, రెండు కలప డిపోలు, పూర్ణామార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు, అందరూ కలిపి 23 మంది. 2019లో కొన్న డెస్క్‌టాప్, దాని మీద టాలీ అనే లెక్కల ప్రోగ్రామ్. నా బ్యాంకు పనులు కూడా అందులోనే.

పోయిన నెల 16న సాయంత్రం కరెంటు బిల్లు కడదామని బ్యాంకు సైటు తెరిచాను. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టాక రోజూ నేరుగా ఖాతా కనిపిస్తుంది. ఆ రోజు మధ్యలో ఇంకో రెండు గడులు వచ్చాయి. డెబిట్ కార్డు నంబరు, ఏటీఎం పిన్. రంగులు, లోగో, అక్షరాలు అన్నీ మా బ్యాంకువే. పైన అడ్రసు సరిగ్గా ఉంది, తాళం గుర్తు కూడా ఉంది. కార్డు నంబరు కొట్టేశాను. పిన్ దగ్గర చెయ్యి ఆగింది. పిన్ మిషను దగ్గర నొక్కేది కదా, ఇక్కడెందుకు అనిపించి మూసేశాను. రాత్రి పదకొండు దాటాక ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, డబ్బు పంపడానికి కొత్త బెనిఫిషియరీని చేర్చడానికి ఓటీపీ అని. నేను ఎవరినీ చేర్చడం లేదు. రెండు నిమిషాల్లో ఇంకోటి వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

పొద్దున్నే మా ఇంటి దగ్గరున్న ఒక షాపుకి వెళ్లాను. దాని గురించి ఎక్కువ రాయను. ఏదో యాంటీవైరస్ వేసి, అరగంట తిప్పి, "రెండు వైరస్‌లు దొరికాయి, తీసేశాను, పాస్‌వర్డ్ మార్చుకోండి" అని 1,450 రూపాయలు తీసుకున్నారు. ఇంటికొచ్చి అదే కంప్యూటర్లో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని నెట్ బ్యాంకింగ్ మళ్లీ తెరిపించుకున్నాను. ఆ రాత్రి మళ్లీ ఓటీపీ. పాత పాస్‌వర్డ్ దొంగతనంగా తీసుకున్నాడు సరే, కొత్తది నేనే పళ్లెంలో పెట్టి అందించానన్నమాట.

18న సీపీయూని పాత చీరలో చుట్టి ఆటోలో డాబాగార్డెన్స్ తీసుకెళ్లాను. మెట్లెక్కేసరికి ఆయాసం. (లిఫ్టు లేదు. సీపీయూ మోసుకురావడానికి కింద నుంచి ఫోన్ చేస్తే కుర్రాడిని పంపుతారట, అదీ ఫోన్ ఎత్తితే.) లోపల అట్టపెట్టెల నిండా పాత హార్డ్ డిస్కులు, ఒక ఫ్యాను, నలుగురు కూర్చునే చోట ఏడుగురు.

"ఏటయ్యింది ఆంటీ?" అన్నాడు. నాకు నలభై ఎనిమిదే, తనకి ముప్ఫై దాటి ఉంటాయి. అక్కా అంటే సొమ్మేం పోయింది? అది పక్కన పెడితే, మొత్తం కథ విని ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

"ఇందులో ఎవరెవరి పాస్‌వర్డ్‌లు ఉన్నాయి?"

మొదటి షాపాయన ఏ వైరస్ ఉందని చూశాడు గానీ ఏమేం పోయాయని చూడలేదు. ఈ అబ్బాయి వైఫై కలవకుండా చేసి, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల పేజీ తెరిచి నా వైపు తిప్పాడు. 41. నా బ్యాంకు, నా మెయిలు, గ్యాస్ బుకింగు, మా అమ్మాయి ఫీజుల పోర్టల్, వాటి కింద వరసగా నా 23 మంది జీఎస్టీ లాగిన్లు. ప్రతిసారీ కొట్టుకోవడం ఎందుకని సేవ్ నొక్కుతూ పోయాను. అప్పటిదాకా నా డబ్బు గురించే నా టెన్షన్. ఆ పేజీ చూశాక కడుపులో దేవినట్టయింది.

ఈ పాస్‌వర్డ్‌లకి విండోస్ తాళం వేస్తుంది, కానీ నా పేరు మీద లాగిన్ అయి ఉన్నంతసేపు నా పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామ్ అడిగినా ఆ తాళం తీసి ఇచ్చేస్తుందట. లోపలికి వచ్చిన స్పైవేర్, అంటే దొంగచాటుగా సమాచారం లాగే ప్రోగ్రామ్, నడిచేదీ నా పేరు మీదే. చాలావరకు ఈ రకం దొంగలు వచ్చిన మొదటి నిమిషాల్లోనే మూట కట్టుకుని పంపించేస్తాయట. తర్వాత యాంటీవైరస్ వేసి పట్టుకున్నా, పోయింది వెనక్కి రాదు.

"నేను బ్యాంకు వాళ్ల స్క్రీన్ కీబోర్డు మీద మౌస్‌తోనే కొడతాను బాబూ" అన్నాను, కొంచెం గొప్పగానే. కీ నొక్కితే రాసుకునే కీలాగర్లకి అది అడ్డమేనట. కానీ మౌస్ క్లిక్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ ఫోటో తీసేవి ఉన్నాయి. అంతకన్నా ముదుర్లు బ్రౌజర్‌లోనే కూర్చుంటాయి. లాగిన్ నొక్కగానే గడుల్లో ఉన్నది తాళం పడి బయల్దేరేలోపే కాపీ తీసుకుంటాయి. పైన కనిపించే తాళం గుర్తు దారిలో ఎవరూ చూడకుండా కాపాడుతుంది గానీ, ఉత్తరం రాస్తున్నప్పుడు భుజం మీంచి చదివేవాడిని అదేం చేస్తుంది? నా పేజీలో వచ్చిన ఆ రెండు గడులు కూడా బ్యాంకు పంపినవి కావు. అసలు పేజీ నా కంప్యూటర్‌కి చేరాక ఇక్కడే అతికించారు. అందుకే అడ్రసూ, తాళమూ సరిగ్గా ఉన్నాయి.

ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది 2007లో బయటపడ్డ జ్యూస్ అనే ట్రోజనట (మంచి ప్రోగ్రామ్ వేషంలో లోపలికొచ్చే దొంగ ప్రోగ్రామ్). నేను పళ్ల రసం అనుకున్నాను, కాదు, గ్రీకు దేవుడి పేరు. 2011లో దాని సోర్స్ కోడ్ బయటికి పొక్కడంతో పిల్లలూ మనవలూ బోలెడు పుట్టాయి. ఇప్పుడు ఎక్కువగా తిరిగేవి సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు (లాగిన్ అయి ఉన్నామని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) ఊడ్చుకుపోయే రకం. వాటిలో రెడ్‌లైన్ అనే దాని సర్వర్లను 2024 అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు, ఇంకొన్ని దేశాల వాళ్లు కలిసి పట్టుకున్నారని ఇంటికొచ్చాక చదివాను.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వెతికి చూపించాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను. క్లయింట్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు పీడీఎఫ్‌లో పంపుతారు, నాకు ఎక్సెల్‌లో కావాలి. దానికో కన్వర్టర్ ఉంది, డబ్బు కట్టాలి. క్రాక్ చేసింది, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా తాళం విరగ్గొట్టింది, ఉచితంగా దొరికింది. జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంది. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమని కూడా రాసి ఉంది. నేను బుద్ధిగా ఆపాను. జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో తెలుసా అని అడిగాడు. లోపలేముందో యాంటీవైరస్ తెరిచి చూడకుండానట. నన్ను తిట్టలేదు. "అందరూ అదే చేస్తారు ఆంటీ, మా బావ కూడా" అన్నాడంతే.

పని ఎలా చేశాడంటే, పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్ బదులు నడిచే ఇంకో సిస్టమ్) ఎక్కించి, టాలీ డేటా ఫోల్డరూ, ఎక్సెల్, పీడీఎఫ్‌లూ మాత్రం వేరే డిస్కులోకి తీశాడు. సెటప్ ఫైలు ఒక్కటి కూడా వెనక్కి రానివ్వనన్నాడు. తర్వాత డిస్కు మొత్తం తుడిచి విండోస్ 11 కొత్తగా వేశాడు. 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, నా మిషను 11 మోస్తుంది కాబట్టి సరిపోయింది. నాకు రోజువారీ వాడకానికి ఒక ఖాతా, ఇన్‌స్టాల్ చేయడానికి విడిగా అడ్మిన్ ఖాతా పెట్టాడు. క్రాక్ ఆఫీసు వెయ్యమంటే మాత్రం కసురుకున్నాడు. లిబ్రే ఆఫీసు వేసి ఇచ్చాడు, అది ఉచితం. అలవాటు పడటానికి నాకు వారం పట్టింది, ఇంకా పూర్తిగా పడలేదు.

అంతకన్నా ముఖ్యం, కంప్యూటర్ తన దగ్గరుండగా నేను చేయాల్సినవి ఒక చీటీ మీద వరసగా రాసిచ్చాడు. మొదట మెయిలు. అన్ని పరికరాల్లోంచి సైన్ అవుట్, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్పు. ఎందుకంటే కుకీ దొంగిలించినవాడికి పాస్‌వర్డ్‌తో పని లేదు, లాగిన్ అయి ఉన్నట్టే లోపలికి వెళ్లిపోతాడు. మెయిలు చేతిలో ఉంటే మిగతావాటికి 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే చాలు. తర్వాత బ్యాంకు, కార్డు బ్లాకు. ఆ తర్వాత జీఎస్టీ లాగిన్లు. "ఇక్కడ కూర్చుని మీ షాపు కంప్యూటర్లో మార్చేసుకోనా?" అని అడిగితే, "మా షాపుది అస్సలు వద్దు, రోజుకి ఇరవై మంది పెన్ డ్రైవ్‌లు పెట్టే మిషను" అన్నాడు. సొంత షాపు గురించి అలా చెప్పే మనిషిని ఇదే చూడటం. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతోంది, దాని ల్యాప్‌టాప్ మీద మార్చుకున్నాను.

23 మందికీ ఫోన్ చేశాను. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. రిటర్ను వెయ్యాలంటే ఓటీపీ వాళ్ల ఫోన్‌కే వెళ్తుంది కాబట్టి ఎవరూ వాళ్ల పేరు మీద వెయ్యలేరు గానీ, టర్నోవరు, కొనుగోళ్లు చూడొచ్చు కదా. ఇద్దరు ఫైళ్లు వెనక్కి తీసుకున్నారు. పూర్ణామార్కెట్ కొట్టు ఆయన మాత్రం "మీరు చెప్పారు కాబట్టి తెలిసింది, లేకపోతే ఏం చేసేవాళ్లమమ్మా" అన్నాడు.

గోడ మీద సైబర్ మోసాల ఫిర్యాదులకి 1930 నంబరు పెద్ద అక్షరాలతో అతికించి ఉంది, డబ్బు పోతే ముందు దానికి చెయ్యమని. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే 3 పని దినాల్లో చెప్పినవాళ్లకి నష్టం ఉండదు. నాలాగా క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్ల తప్పు ఎంత లెక్కేస్తారో, ఆ వాదన దాకా రాకుండా బయటపడ్డాను. ఒక్క రూపాయి పోలేదు. ఓటీపీ ఫోన్‌కి రావడం, ఆ ఫోన్ వేరే ఉండటం వల్లే.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, 19 సాయంత్రం ఇస్తానన్నది 20 మధ్యాహ్నం ఒంటిగంటకి ఇచ్చాడు. నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీకి 20వ తారీఖు ఆఖరి రోజని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. ఆ రోజు పోర్టల్ ఎలా నడుస్తుందో వేసేవాళ్లకి తెలుసు. ఆఖరి రిటర్ను వెళ్లేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తారు. టాలీ లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలని ముందు చెప్పలేదు, గంట దానికి పోయింది. తెలుగు కీబోర్డు పెట్టలేదు, అది మా అమ్మాయి పెట్టింది. బిల్లు అడిగితేనే ఇస్తారు. జీఎస్టీ పని చేసే మనిషికి బిల్లు ఇవ్వకపోవడం ఏమిటో.

మొత్తం 1,300 తీసుకున్నాడు, డేటా తీసినందుకు 500, విండోస్‌కి 800. మొదటి షాపుకిచ్చిన దానికన్నా తక్కువే. పొద్దున పదకొండుకి ముందు తెరవరు, ఆదివారం సెలవు.

సీపీయూ పక్క రేకుకి రెండు స్క్రూలు తక్కువొచ్చాయి. మా అమ్మాయి ల్యాప్‌టాప్ కూడా ఒకసారి చూపిద్దామనుకుంటున్నాను, అప్పుడు అడగాలి.