కూపే కార్లున్నవాళ్లు జాగ్రత్త: ‘ఏ కారుకైనా పడతాయి’ అనే వైపర్ బ్లేడ్ల వల్ల నా ముందు అద్దం పోయింది

బెంగళూరులో కూపేలు (రెండు డోర్లతో, వెనక్కి వాలిన కప్పుతో ఉండే కార్లు), స్పోర్ట్స్ కార్లు నడిపే మనవాళ్లందరూ వర్షాలు ముదరకముందే ఇది చదవండి. వైపర్ బ్లేడ్ చిన్న వస్తువే కదా అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ టూ డోర్ కూపే. ఎండలకి పాత బ్లేడ్ల రబ్బరు గట్టిపడి, తుడిచిన ప్రతిసారీ అద్దం మీద గీతలు వదులుతోంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఒరిజినల్ సెట్ స్టాక్ లేదు, రెండు వారాలు పడుతుందన్నారు. నాకేమో ఆ శనివారమే హైదరాబాద్ ప్రయాణం. సరే అని జేసీ రోడ్డులో ఒక షాపుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కూడా తెలుగాయనే, “అన్నా, సైజు సరిపోతే చాలు, ప్యాకెట్లో పది రకాల క్లిప్పులొస్తాయి, ఏ కారుకైనా పడుతుంది” అన్నాడు. టేపుతో కొలిచి డ్రైవర్ వైపు 24 అంగుళాలది, అవతల 20 అంగుళాలది బిగించాడు. టక్‌మని శబ్దం వచ్చింది, గట్టిగానే పట్టుకుందనుకున్నాను. బిల్లు ఇవ్వలేదు, నేనూ పట్టుబట్టలేదు.

ఆదివారం రాత్రి తిరిగొస్తుంటే బాగేపల్లి దాటాక ఒక్కసారిగా కుండపోత. 60లో వెళ్తున్నంతసేపు బాగానే తుడిచింది, 80 దాటగానే డ్రైవర్ వైపు బ్లేడ్ మధ్యలో మాత్రమే ఆనుతూ రెండు చివర్లూ అద్దం మీంచి లేవడం మొదలైంది. ఎదురుగా వచ్చే లారీల లైట్లు ఆ నీళ్లలో పడి చెదిరిపోయి రోడ్డు ఎక్కడుందో తెలియడం లేదు, పక్క సీట్లో మా ఆవిడ “ఆపండి, ఆపండి” అంటోంది, నేను వేగం తగ్గించుకుంటూ ఎడమ పక్కకి వచ్చేలోపే క్లిప్ ఊడి బ్లేడ్ ఎగిరిపోయింది. మిగిలిన ఇనుప చెయ్యి అద్దం మీద గరగరా గీసింది. వైపర్ ఆపేసరికే నా కంటికి ఎదురుగా విల్లులా లోతైన గీత పడిపోయింది. వాన తగ్గేదాకా ఒక ధాబా ముందు నలభై నిమిషాలు కూర్చున్నాం. రోడ్డు కనిపించని ఆ కాసేపట్లో ఏమైనా అయ్యుండేది, ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

ఇన్సూరెన్స్ వస్తుందనుకోకండి. సర్వేయర్ చూసి ఇది యాక్సిడెంట్ కాదు, బిగింపులో లోపం అని క్లెయిమ్ కొట్టేశాడు. ఒకవేళ ఇచ్చినా, అద్దం పాతదని తరుగు తీయరు గానీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అది 50 శాతం దాకా చేరినవాళ్లకి చిన్న దెబ్బ కాదు. కొత్త అద్దానికి, వెనకున్న రెయిన్ సెన్సర్ మళ్లీ అమర్చడానికి కలిపి నాకు లక్ష దాటింది. షాపుకి వెళ్తే “ఫిట్ చేశాక మా బాధ్యత కాదు” అన్నాడు. బిల్లు ఉంటే కనీసం కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేవాణ్ణి. మీరు మాత్రం బిల్లు లేకుండా కొనకండి.

తర్వాత తెలిసినదేమిటంటే, నాకు వేసినలాంటి ఫ్రేమ్ లేని బ్లేడ్‌లో స్ప్రింగ్ స్టీల్ పట్టీ ఉంటుంది, దాని వంపే రబ్బరుని పొడుగునా సమానంగా అద్దానికి అదుముతుంది. కూపే అద్దం బాగా వాలి, అంచుల్లో ఎక్కువ వంపు తిరిగి ఉంటుంది. ఏదో హ్యాచ్‌బ్యాక్‌ని దృష్టిలో పెట్టుకుని వంచిన పట్టీ అక్కడ ఆనదు, ఇక వేగం పెరిగితే గాలి దాన్ని పైకి లేపేస్తుంది. అంటే అంగుళాలు సరిపోవడం సగం పనే. బ్లేడ్ తగిలించే వైపర్ చేతి చివర కొక్కెమా, బటనా, పక్క పిన్నా అన్నది చూడాలి, వంపు చూడాలి. అందుకే చాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీసుకుని అదే కొనండి. బాష్, వాలియో లాంటి కంపెనీలవి కొన్నా సరే, మీ మోడల్ పేరు, సంవత్సరం వాళ్ల కేటలాగ్‌లో ఉన్న సెట్టే తీసుకోండి. విదేశీ సైట్లలో తెప్పించేవాళ్లు ఇంకా జాగ్రత్త, ఎడమ చేతి స్టీరింగ్ కార్ల వైపర్లు చాలా మోడళ్లలో మనవాటికి తిరగేసినట్టు ఉంటాయి, గాలికి లేవకుండా బ్లేడ్ మీద ఉండే స్పాయిలర్ అనే రెక్క కూడా అటువైపుకే ఉంటుంది. మెర్సిడెస్‌లో 2012 ఎస్‌ఎల్ మోడల్‌తో వచ్చిన మ్యాజిక్ విజన్ కంట్రోల్ ఉంటే వాషర్ నీళ్లు బ్లేడ్‌లోంచే వస్తాయి, వాటికి మామూలు బ్లేడ్ వేస్తే నీళ్లు అద్దానికి అందవు.

మార్చేటప్పుడు కూడా దగ్గరుండి చూడండి. చాలా కూపేల్లో వైపర్లు బానెట్ అంచు కింద ఉంటాయి, సర్వీస్ పొజిషన్‌లో (వైపర్లు అద్దం మీద పైకి వచ్చి ఆగే స్థితిలో) పెట్టకుండా లాగితే బానెట్ పెయింట్ లేస్తుంది. ఎలా పెట్టాలో కారు మాన్యువల్లో ఉంటుంది. బ్లేడ్ తీశాక అద్దం మీద మందపాటి తువ్వాలు పరవండి, బ్లేడ్ లేని ఇనుప చెయ్యి జారి పడితే అద్దం పగులుతుంది. కొత్త రబ్బరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసేయించండి.

ఇప్పటికే ఇలాంటి క్లిప్పుల రకం వేయించుకున్నవాళ్లు ఈరోజే కిందికి దిగి, బ్లేడ్‌ని పట్టుకుని రెండు వైపులా లాగి చూడండి. కాస్త కదిలినా హైవే ఎక్కకండి.