డీ-అడిక్షన్ కౌన్సెలర్ కావాలంటే ఎంఎస్‌డబ్ల్యూనా, సైకాలజీనా?

డిగ్రీ అయ్యాక మందు మాన్పించే కౌన్సెలింగ్ వైపు వెళ్దామనుకునే విశాఖ పిల్లలకు మొదటి టెన్షన్ ఇదే. ఎంఎస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఈ రెండు పీజీలూ ఆంధ్రా యూనివర్సిటీలో ఉన్నాయి, రెండూ రెండేళ్లే.

మనసు తీరు, మానసిక పరీక్షలు, థెరపీ మీద మక్కువ ఉంటే సైకాలజీ. కాకపోతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లెక్కలో ఒక్క పీజీతో క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. రోగుల మధ్య, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ ఉన్న పైచదువు కావాలి.

నా ఓటు మాత్రం ఎంఎస్‌డబ్ల్యూకే. ఫీల్డ్‌వర్క్ తప్పదు, కాళ్లు అరుగుతాయి. సెంటర్లో మందు మానడం ఒక ఎత్తు, ఇంటికొచ్చాక మానేసి ఉండటం ఒక ఎత్తు. పాత నేస్తాలు, అప్పులు, పనికి పిలవని మేస్త్రీ. జాలరిపేటలో ఒకింటికి వెళ్లాను. ఆ ఇంటావిడ నాతో మాట్లాడుతూనే పోపుల డబ్బాలో దాచిన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మందు మానేసి వచ్చిన వాళ్లాయన అటు చూడకుండా గుమ్మంలో కూర్చుని వల దారం చిక్కు తీసుకుంటున్నాడు. వాళ్లిద్దరి మధ్య మాట కలపడం, ఆయన్ని మళ్లీ పనిలో నిలబెట్టడం... సిలబస్‌లో సైకోసోషల్ రిహాబిలిటేషన్ అని పెద్ద పేరున్నది ఈ పనికే.

ఎంఎస్‌డబ్ల్యూలోనూ సైకియాట్రిక్ సోషల్ వర్కర్ (మానసిక రోగులతో, వాళ్ల కుటుంబాలతో పనిచేసే సోషల్ వర్కర్) హోదాకి పీజీ చాలదు, ఆ పైన ఎంఫిల్ అడుగుతుంది అదే చట్టం.