ఇంటి సర్వర్‌పై ఐదు ఐపీలు, బోలెడు డొమైన్లు: ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లోని లినక్స్ సర్వర్‌కి స్లాష్ 29 బ్లాక్ (వరసగా ఉండే ఐపీ అడ్రసుల గుంపు) ఒకటి తీసుకుని చాలా ఏళ్లయింది. అందులో ఉండేవి 8 అడ్రసులు. నెట్‌వర్క్‌కి, బ్రాడ్‌కాస్ట్‌కి, గేట్‌వేకి ఒక్కోటి పోగా చేతికి దక్కేవి 5. ఇన్నేళ్లు వాడాక గట్టిగా చెప్పగలను: డొమైన్లు పెరిగాయని ఐపీలు కొనక్కర్లేదు.

వెబ్‌సైట్లన్నీ ఒకే ఐపీ మీద హాయిగా నడుస్తాయి. ఏ సైట్ కావాలో బ్రౌజర్ హోస్ట్ హెడర్‌లో చెబుతుంది, హెచ్‌టీటీపీ 1.1 నుంచి అది తప్పనిసరి. చిక్కంతా హెచ్‌టీటీపీఎస్ దగ్గర ఉండేది. సైట్ అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ చూపించాల్సిన సమయానికి ఆ హెడర్ ఇంకా సర్వర్‌కి చేరదు. కనెక్షన్ మొదట్లోనే డొమైన్ పేరు పంపే ఎస్‌ఎన్‌ఐ వచ్చాక అది తీరింది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఎస్‌ఎన్‌ఐ తెలియదు కాబట్టి, సైటుకో ఐపీ అనే సలహా చాలాకాలం బతికింది. ఇప్పుడు దాని అవసరం లేదు.

నేను వాడే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్. డొమైన్‌కో సర్వర్ బ్లాక్ రాసుకుంటే పని అయిపోతుంది. కాకపోతే ఏ పేరుకీ సరిపోని రిక్వెస్ట్ వస్తే, విడిగా చెప్పకపోతే, మొదటి బ్లాక్ దానికి జవాబిస్తుంది. ఐపీలను వరసగా తడిమే బాట్లకి నా సైట్ ఎందుకు చూపించాలి? అందుకే డిఫాల్ట్ సర్వర్‌గా వేరే బ్లాక్ పెట్టి 444 రిటర్న్ చేయిస్తాను. జవాబేమీ ఇవ్వకుండా కనెక్షన్ మూసేస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లను సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది, వాటి జోలికి వెళ్లే పనే పడదు.

రెండో ఐపీ నిజంగా ఉపయోగపడింది మెయిల్‌కి. ఐపీ నుంచి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు మన డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేర్ల వివరాలు ఉండే చోట) రాస్తే పనిచేయదు; ఆ అడ్రసు ఎవరి చేతిలో ఉందో ఆ ప్రొవైడరే పెట్టాలి, లేదా ఆ అధికారం మనకు అప్పగించాలి. మెయిల్ సర్వర్ పేరు, పీటీఆర్, పేరు నుంచి ఐపీ చెప్పే ఎ రికార్డు మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే అవతలివాళ్లు ఉత్తరాన్ని స్పామ్‌లో పడేస్తారు, లేదా అసలు తీసుకోరు. ఇంకో సంగతి చాలామంది గమనించరు: సర్వర్‌లో ఎన్ని ఐపీలున్నా, బయటికి వెళ్లే కనెక్షన్ మామూలుగా మొదటి అడ్రసు నుంచే వెళ్తుంది. పీటీఆర్ రెండో దానికి ఉంటుంది, మెయిల్ మొదటి దానినుంచి పోతుంది. నా మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్‌ఎంటీపీ బైండ్ అడ్రస్ (మెయిల్ ఏ ఐపీ నుంచి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) సెట్ చేశాకే నా మెయిల్ కుదుటపడింది.

రెండు వేర్వేరు ఇంటర్నెట్ లైన్ల నుంచి ఐపీలు తెచ్చుకుంటే అసలు శ్రమ మొదలవుతుంది. రెండో లైన్‌లో వచ్చిన ప్యాకెట్‌కి జవాబు డిఫాల్ట్ రూట్ పట్టుకుని మొదటి లైన్‌లో వెళ్తుంది. సోర్స్ అడ్రసు తమది కాదని ఆ ప్రొవైడర్ దాన్ని పారేస్తాడు. ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌లో ప్యాకెట్లు వస్తున్నట్టు కనిపిస్తాయి, సైట్ మాత్రం తెరుచుకోదు. రెండో లైన్‌కి వేరే రూటింగ్ టేబుల్, అందులో దాని సొంత గేట్‌వే, ఆ ఐపీ నుంచి వెళ్లేవన్నీ ఆ టేబుల్ చూడాలని ఒక ఐపీ రూల్: ఇంతే మందు. రీబూట్ తర్వాత కూడా నిలిచేలా నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్‌లు రాసే చోటు)లో రాసుకోండి.

మూడో ఐపీని వీపీఎన్‌కి ఇచ్చాను, దానికీ హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్టే కావాలి కాబట్టి. మిగతా రెండూ ఖాళీ. వాటిమీద డీఎన్‌ఎస్ జవాబులిచ్చే రెండు నేమ్‌సర్వర్లు పెట్టొచ్చు, కానీ లైన్ పడిపోతే రెండూ ఒకేసారి పోతాయి. డీఎన్‌ఎస్‌ని బయటే ఉంచడం మేలు.

తీసుకునే ముందు ప్రొవైడర్‌ని అడగాల్సినవి: పీటీఆర్ పెడతారా, మెయిల్‌కి కావాల్సిన 25 పోర్టు తెరుస్తారా. స్టాటిక్ ఐపీ లేనివాళ్లు రూటర్‌లో వ్యాన్ అడ్రసు (ఇంటర్నెట్ వైపు అడ్రసు) చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని ప్రొవైడర్ చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటినుంచి ఎవరూ రాలేరు. అలాంటప్పుడు ఐపీవీ6 ఉందేమో చూడండి. అడ్రసులకు కొదవుండదు, కానీ ఐపీవీ4 మాత్రమే ఉన్నవాళ్లకి మీ సైట్ కనిపించదు. నాట్ అడ్డు ఉండదు గనక ఫైర్‌వాల్ ముందే సరిచూసుకోండి.