అగ్రిమెంటులో చేర్చిన ఒక్క లైను: నాలుగేళ్ల తర్వాత నా అనుభవం

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇల్లు. కింద మేముంటాం, మిద్దెపైన పోర్షన్ బాడుగకు ఇస్తాం. నాలుగేళ్ల కింద 11 నెలల అగ్రిమెంటులో ఒక లైను చేర్పించాను: రిపేరుకు మనిషి వచ్చి చూశాక లోపమేమీ లేదని తేలితే, అతని విజిటింగ్ చార్జి బాడుగకున్నవాళ్లే ఇవ్వాలి. ఈ లైనుతో నాకు దొరికిన నిమ్మళం అంతా ఇంతా కాదు.

అంతకుముందు రాత్రి తొమ్మిదింటికి "అక్కా, కరెంటు లేదు" అని ఫోను. ఎలక్ట్రీషియన్‌ని బతిమాలి పిలిపిస్తే, కిందికి పడిన ఎంసీబీని (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు) వేలితో పైకెత్తి 300 తీసుకుని పోయాడు. వారం తిరక్కుండానే వంటింటి కొళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయన్నారు. మాది ఉప్పు బోరు. కొళాయి మూతిలో జల్లెడ విప్పితే తెల్లగా పొక్కు కట్టి ఉంది. దులిపితే పోయేదానికి ప్లంబరుకు 350. పన్ను లెక్కలో బాడుగ మీద 30 శాతం మినహాయింపు ఉంది కానీ, రిపేర్లకు మనం ఎంత ఖర్చు పెట్టినా ఆ 30 శాతమే.

లైను పెట్టాక ఇలాంటి ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. బాడుగకు చేరిన రోజే ఎంసీబీ, నీళ్లు ఆపే గేట్ వాల్వు, కొళాయి జల్లెడ దగ్గరుండి చూపించడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. ఫోన్లు తగ్గడంలో సగం గొప్ప ఆ పది నిమిషాలదేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

అలా అనిపించడానికి కారణం పోయిన చలికాలంలో జరిగింది. ప్రసాదం ఇద్దామని పైకి వెళ్తే, బాడుగకున్న అమ్మాయి స్టవ్ మీద నీళ్లు కాచి చంటిబిడ్డకు పోస్తోంది. గీజరు ఉంది కదమ్మా అన్నాను.

"కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటా ఉందక్కా. రెండు నెల్లాయ. ఏమీ లేదంటే మళ్లీ 300 కట్టల్ల అని చెప్పలేదు."

వాళ్లు చేరిన కొత్తలో ఫ్యాను తిరగడం లేదన్నారు. మనిషి వచ్చి చూస్తే రెగ్యులేటరు సున్నాలో ఉంది. ఆ 300 నేనే వసూలు చేశాను.

ఎలక్ట్రీషియన్ టెస్టరు ఆనిస్తే కొళాయి దగ్గరే లైటు వెలిగింది. గీజరు విప్పితే కాయిల్ చుట్టూ వేలెడు మందాన ఉప్పు, దాని కింద పగులు. అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి దిగుతోంది. దాన్ని భూమిలోకి లాగాల్సిన ఎర్తింగ్ తీగ ఇంటి వెనక గుంత దగ్గర తుప్పు పట్టి ఊడిపోయి ఉంది. ఇంత చిన్న లీకేజీకి ఎంసీబీ పడదట, కరెంటు కొంచెం లీకైనా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ఉంటే పడేదట. బిడ్డను ఎత్తుకుని ఆ కొళాయి తిప్పి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో గీజరు రిపేరు అద్దెకున్నవాళ్లది, వైరింగ్ ఇంటివాళ్లది అని ఉంది. అది రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలయ్యేది. మా ఇంట్లో మాత్రం రెండూ కలిసి చెడిపోయాయి. కాయిలు, ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అన్నీ నేనే వేయించాను.

లైను తీసేయలేదు. దాని కింద ఇంకోటి రాయించాను: షాకు, కాలిన వాసన, గోడ చెమ్మ, గ్యాసు గురించి ఎన్నిసార్లు చెప్పినా, ఏమీ లేదని తేలినా ఖర్చు మాదే. అప్పటి నుంచి రెండుసార్లు ఊరికే పిలిపించారు. 600 పోయింది, నాకు బాధ లేదు.

ఒకే పోర్షన్, పైగా కింద మేమే ఉంటాం కాబట్టి మాకిది సరిపోయింది. ఇల్లు ఇక్కడ పెట్టుకుని బెంగళూరులోనో చెన్నైలోనో ఉండేవాళ్లయితే, పాత లైనొక్కటే పెట్టుకోమని నేను చెప్పలేను. ఆ ఫ్యాను 300 మాత్రం మరుసటి నెల బాడుగలో తగ్గించుకోమన్నాను.